సగటు ఒక్కటియే చాలునా?

వెన్నులు వంగి వరిచేలు పసుపుదేరు దినములలో కొలతత్రాడు, నాలుగు మేకులు, తూనిక పట్టుకొని పంటకోత ప్రయోగమువారు మన గ్రామములకు వచ్చుట సభ్యులందరు నెరిగినదే. వారు చీటీలో వచ్చిన సర్వే నంబరును వెదకి, ఆ పొలము నైరృతి మూలనుండి లెక్కప్రకారము అడుగులు వేసి, అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చతురస్రమునకు త్రాడు బిగింతురు. అందలి పైరు కోయించి, నూర్పించి, తూర్పారబట్టించి, గింజ తూచి వ్రాసికొని పోవుదురు. గట్టుమీద నిలిచి చూచు రైతు ఇది సర్కారు లెక్క యనుకొని తన పనికి తాను పోవును. తన పంటబీమా పరిహారము ఆ లెక్కపైననే నిలిచియున్నదని అతనికి తోచదు. తోచినను, ఆ లెక్క యెంతవరకు నమ్మదగినదో అడుగు విధ మతడెరుగడు. ఆ విధమును గూర్చియే యీ నెల వ్రాయదలచితిమి.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాము. సగటు దిగుబడి యెంత యని మాత్రమే యడుగుట సగము ప్రశ్న. ఆ సగటు చుట్టును పొలముల దిగుబడులు ఎంత దూరముగ చెదరియున్నవి? ఎన్ని కోతలనుండి యా సగటు తేలినది? ఈ రెండును తెలియనిదే సగటును నమ్మరాదు, సగటుపై తీర్పు చెప్పరాదు.

ఈ మాట మేము పుస్తకమునుండి నేర్చినది కాదు. మా తప్పువలన నేర్చినది. కొన్ని సంవత్సరముల క్రిందట గోస్తనీ ప్రాంతమున ఒక గ్రామములో క్రొత్త వరి వంగడమును రెండు మళ్ళలో వేయించి చూపితిమి. రెండును చెరువు తూమునకు దగ్గరివే. రెండింటి దిగుబడిని కూడి, రెంట భాగించి, వచ్చిన సగటును రచ్చబండయొద్ద గర్వముగ చదివితిమి. మరుసటి యేట మా మాట నమ్మి అనేకులు ఆ విత్తనమే చల్లిరి. తూము దగ్గరివారికి బాగుగనే పండినది. ఆయకట్టు చివర నున్నవారికి, మెరకపొలములవారికి పాతవిత్తన మిచ్చునంతయు రాలేదు. కళ్ళమునొద్ద ఒక వృద్ధుడు మమ్ము చూచి, "బాబూ, మీరు సెప్పిన సగటు నా మడిలో పండనేదు" అనెను. అతని కంఠమున కోపము లేదు. అందుచేతనే ఆ మాట మాకు మరింత గ్రుచ్చుకొన్నది. రెండు మళ్ళ సగటును ఊరి సగటుగా చెప్పుట అబద్ధము కాకపోవచ్చును గాని, అబద్ధము చేయు నష్టమునే చేసినది.

ఒకే విత్తనము, ఒకే వాన, ఒకే ఎరువైనను పొలము పొలమునకు దిగుబడి మారును. మిషను బడిలో చదువుకొను దినములలో విత్తువాని ఉపమానమును విని, ఒకచోట ముప్పదంతలు, మరియొకచోట నూరంతలు ఎట్లు పండునా యని వింతపడితిమి. వ్యవసాయశాఖలో కాలు పెట్టిన తరువాత అది వింత కాదనియు, అట్లు పండకుండుటయే వింత యనియు తెలిసికొంటిమి. నేల లోతు, నీటి యందుబాటు, నారు వయస్సు, కలుపు, చీడ, ఇట్టి చిన్న చిన్న కారణము లనేకములు కొన్ని పైకి లాగుచు, కొన్ని క్రిందికి లాగుచు ఉండును. అట్టిచో చాల పొలములు నడిమి దిగుబడియొద్ద గుమిగూడును. మిక్కిలి ఎక్కువ పండినవియు, మిక్కిలి తక్కువ పండినవియు కొలదిగ నుండును. దిగుబడుల వారీగ పొలముల సంఖ్యను కాగితముపై గీసినచో దేవాలయ ఘంటను బోర్లించిన ఆకారము వచ్చును. దీనినే గణకులు సామాన్య విభాజనమందురు.

ఈ ఘంటను తెలిసికొనుటకు రెండే అంకెలు కావలెను. ఘంట శిఖర మెక్కడ నున్నదో చెప్పునది సగటు. ఘంట ఎంత వెడల్పో చెప్పునది ప్రామాణిక విచలనము. ఈ రెండును తెలిసినచో, నూటికి ఇంచుమించు 68 పొలములు సగటునకు ఒక విచలనము ఇటునటు లోపల నుండుననియు, 95 పొలములు రెండు విచలనముల లోపల నుండుననియు చెప్పవచ్చును. సగటు ఒక్కటియే తెలిసినవాడు ఊరి నడిబొడ్డు నెరిగినవాడు; పొలిమేర యెంత దూరమో ఎరుగనివాడు.

ఊరిలోని పొలములన్నియు కోసి తూచుట సాధ్యము కాదు గనుక, కొన్నిటిని కోసి ఈ రెండు అంకెలను అంచనా కట్టవలెను. ఒక ఉదాహరణము చూతము. అంకెలు లెక్క తెలియుటకు మేము కల్పించినవే. ఒక గ్రామమున నాలుగు చతురస్రములు కోయగా 12, 9, 14, 9 కిలోల గింజ వచ్చినదనుకొందము. మొత్తము 44, నాలుగింట భాగింప సగటు 11 కిలోలు. ఎకరమునందు ఇట్టి చతురస్రములు సుమారు 162 ఉండును గనుక, ఎకరమునకు పచ్చిగింజ 1,782 కిలోలు, అనగా 75 కిలోల బస్తాలు సుమారు 24.

ఇక విచలనము. ఒక్కొక్క తూకము సగటునుండి ఎంత తొలగినదో చూడుడు: 1 ఎక్కువ, 2 తక్కువ, 3 ఎక్కువ, 2 తక్కువ. వీనిని ఊరక కూడినచో సున్నయే వచ్చును. కావున ఒక్కొక్కదానిని దానిచేతనే హెచ్చింపవలెను: 1, 4, 9, 4. మొత్తము 18. దీనిని నాలుగింట గాక మూడింట భాగింపవలెను. ఏలయన తొలగింపులన్నియు కూడి సున్న కావలసియున్నందున, మూడు తెలిసినచో నాలుగవది తనంతట తెలిసిపోవును. స్వతంత్రముగ మాటాడునవి మూడే. 18ని మూడింట భాగింప 6. దాని వర్గమూలము 2.45 కిలోలు. ఇదియే విచలనమునకు మన అంచనా.

వర్గమూలము మాకు రాదని సభ్యులు వెరవనక్కరలేదు. సామాన్య విభాజనమునకు చెల్లు సులభోపాయ మొకటి కలదు. నాలుగు కోతలైనచో, అన్నిటికంటె పెద్ద తూకమునుండి చిన్న తూకమును తీసివేసి, శేషమును సగము చేయుడు. పై లెక్కలో 14 నుండి 9 పోగా 5; సగము 2½. పెద్ద లెక్కకు ఇది ఎంత దగ్గరగ వచ్చినదో చూడుడు. పది కోతలైనచో ఆ శేషమును మూడింట భాగింపుడు. ప్రతిసారియు ఇంత దగ్గరగ రాకపోయినను, గట్టుమీద నిలిచి వ్రేళ్ళపై చేసికొనుటకు ఇది చాలును.

ఇక అసలు ప్రశ్న. ఈ 11 కిలోల సగటు ఊరంతటి నిజమైన సగటునకు ఎంత దగ్గర? ఈ చిక్కును మొదట విప్పినది వ్యవసాయముతో సంబంధము గలవాడే. ఐర్లండులోని గిన్నెస్ బీరు కర్మాగారమున పనిచేయుచు, యవల నాణెమును కొలది నమూనాలతో తేల్చవలసి వచ్చిన గాసెట్ అను నతడు 'స్టూడెంట్' అను మారుపేరుతో 1908లో ఈ విషయమై ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. విచలనమును కోతల సంఖ్య యొక్క వర్గమూలముచే భాగించినచో సగటునందలి దోషము తెలియును. మన లెక్కలో 2.45ను 2 చే భాగింప 1.22. కోతలు నాలుగే యైనప్పుడు విచలనము కూడ సరిగ తెలియనిదే గనుక, నూటికి 95 పాళ్ళు నిశ్చయముగ చెప్పవలెనన్న ఆ దోషమును రెండింట గాక 3.18 చే హెచ్చింపవలెనని గాసెట్ మార్గమున సిద్ధించిన పట్టిక చెప్పును. అప్పుడు 3.9 కిలోలు వచ్చును. అనగా ఊరి నిజమైన సగటు 7.1 మొదలు 14.9 కిలోలవరకు ఎక్కడనైన నుండవచ్చును. బస్తాలలో చెప్పినచో, ఎకరమునకు 15 మొదలు 32 వరకు! చదువరులు ఈ యెడమును ఒక్క క్షణము ఆలోచింపుడు. "ఇరువదినాలుగు బస్తాలు" అని వ్రాసిన కాగితము ఎంత నిబ్బరముగ కనబడునో, దానివెనుక నున్న తెలివిడి అంత పలుచన.

ఇందు మన డబ్బు ఎట్లు చిక్కుకొన్నదో చూతము. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నియమముల ప్రకారము ముఖ్యపంటకు గ్రామ పంచాయతీ యొక్కటికి కనీసము నాలుగు కోతలు చేయవలెను. గడచిన ఏడేండ్లలో మేలైన అయిదేండ్ల సగటునుండి ప్రారంభ దిగుబడిని కట్టుదురు. ఈ యేటి సగటు దానికంటె ఎంత తగ్గినదో అంత పాలు పరిహారము. మన ఉదాహరణములో ప్రారంభ దిగుబడి 12 కిలోలకు సమానమనియు, ఎకరమునకు బీమా మొత్తము 40,000 రూపాయలనియు అనుకొందము. సగటు 11 గనుక తరుగు పండ్రెండింట ఒకటి. ఎకరమునకు 3,333 రూపాయలు రావలెను. నాలుగవ చతురస్రము గట్టు ఆవలి మడిలో పడి 9 కిలోలకు బదులు 13 తూగినదనుకొందము. అప్పుడు మొత్తము 48, సగటు 12, పరిహారము సున్న. ఊరిలో ఒక్క గింజయు పెరుగలేదు, తరుగలేదు. త్రాడు ఒక గట్టు జరిగినది. ఊరంతటికి పరిహారము పోయినది. అట్లే జరుగగూడని వేళ పరిహారము వచ్చుటయు కలదు. ఇది ఎవ్వరి మోసమును కాదు. నాలుగు కోతల స్వభావమే అట్టిది.

ఇంతకంటె తెలివిగ లెక్కకట్టి నాలుగు తూకములనుండియే మరింత నిశ్చయమును పిండరాదా యని కొందరడుగవచ్చును. పిండరాదని తేల్చినవాడు మన విశాఖపట్టణమున చదివినవాడే. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, లోకమున సి. ఆర్. రావుగారని ప్రసిద్ధులు, వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రమున ఎం. ఏ. చదివి, 1941లో కలకత్తాలోని మహలనోబిస్ పండితుని గణాంక సంస్థలో చేరిరి. 1944లో వారచట పాఠము చెప్పుచుండగా, పెద్ద నమూనాలకు చెప్పిన ఈ సూత్రము చిన్న నమూనాలకు చెల్లునా యని ఒక విద్యార్థి ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు రావుగారు కనుగొనిన సమాధానము 1945లో అచ్చుపడినది. స్వీడను దేశీయుడగు క్రామేరు కూడ వేరుగ అదే ఫలితమునకు వచ్చుటచే ఉభయుల పేర దానిని పిలుచుచున్నారు. పక్షపాతము లేని ఏ అంచనాయు ఒక నియమితమైన హద్దుకంటె తక్కువ దోషముతో ఉండజాలదని దాని సారాంశము. సామాన్య విభాజనమునకు మన వాడుకలోని సగటే ఆ హద్దును ముట్టుచున్నది. కావున అంతకుమించిన నేర్పు లేదు. నిశ్చయము పెరుగవలెనన్న కోతలు పెరుగవలెను. దోషము సగము కావలెనన్న కోతలు నాలుగు రెట్లు కావలెను. రావుగారికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించినది. ఆ యేటి ఆగష్టులోనే వారు దివంగతులైరి.

ఆ నాడు ప్రశ్న వేసిన విద్యార్థి వి. ఎం. దాండేకరుగారు. తరువాత ప్రసిద్ధ అర్థశాస్త్రజ్ఞులై, రైతు రైతునకు వేరుగ గాక ఒక ప్రాంతపు సగటు దిగుబడినిబట్టి పంటబీమా చెల్లించు పద్ధతిని 1976లో ప్రతిపాదించినవారు వీరే. 1985లో ఆరంభమైన సమగ్ర పంటబీమా పథకము ఆ మార్గముననే నడచినది, నేటి పథకమును ఆ మార్గముననే నడచుచున్నది. చిన్న నమూనా ఎంతవరకు నమ్మదగునని అడిగినవారి పద్ధతిలో ఆ ప్రశ్న నడుగు హక్కు రైతునకు లేకుండునా?

పట్టణమువైపు చూడుడు. మన పిల్లలలో అనేకులు ఉక్కుకర్మాగారమునను, రేవునను, మేడలు కట్టుచోటను పనిచేయుచున్నారు. వారి నడుగుడు. కాంక్రీటుకు 25 అంకె బలము కావలెనన్నచో సగటు 25 ఉన్న చాలునని ఏ ఇంజనీరును ఒప్పడు. సగటు 25 అయినచో సగము కాంక్రీటు అంతకు తక్కువ బలముది కావచ్చును. నూరు పరీక్షలలో అయిదింటికి మించి హద్దు దిగువ పడరాదని ఇండియన్ స్టాండర్డు 456 నియమము. అందుకై విచలనము 4 అనుకొని, దానిని 1.65 చే హెచ్చించి, 25కు కలిపి 31.6 సగటును గురిగ పెట్టుకొందురు. నగరమున దూలమునకు విచలనము లెక్కించు దేశము, పల్లెలో దానిని నిలువబెట్టు అన్నమునకు లెక్కింపకుండుట న్యాయమా?

ఐతే ఒక హెచ్చరిక. ఘంట ఆకారము ఎల్లప్పుడు ఉండదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీదనే తీరము దాటినది. అట్టి యేట పల్లపు పొలములు నీట మునిగి గుల్లలగును. మెరకపొలములు కొంత మిగులును. అప్పుడు ఒక ఘంటకు బదులు రెండు గుట్టలు వచ్చును. రెండు గుట్టల నడుమ తేలు సగటు ఏ పొలమునకును చెందదు. అట్టివేళ పల్లమును, మెరకను విడదీసి వేరువేరుగ లెక్కింపవలెను.

మరియొక హెచ్చరిక మనవారికి. కొలతవారిని మాట సాయముతో చెడిన మడికి మళ్ళించిన పరిహారము వచ్చునని కొందరు తలతురు. కోతలు ఎంచినవైనచో పై లెక్కలన్నియు కూలును. చీటీ ఎక్కడ పడిన అక్కడనే త్రాడు పడవలెను. త్రాడు అంచుననున్న దుబ్బులను లోపలికి లాగరాదు. చతురస్రము ఎంత చిన్నదైన అంచుదుబ్బులవలన దిగుబడి అంత ఎక్కువగ కనబడునని సుఖాత్మేగారు ఏనాడో చూపిరి. దోషము ఎక్కువైన కోతలు పెంచి తగ్గింపవచ్చును. పక్షపాతమును ఎన్ని కోతలును కడుగజాలవు.

"కోతలు పెంచినచో నిజముగ బాగుగ పండినదని తేలి, పరిహారము పోదా?" అని ఒక సభ్యుడు మమ్మడిగిరి. పోవచ్చును. ఒక్కొక్క యేట అట్లే జరుగును. కాని గ్రామము నిజముగ చెడిన యేట పరిహారము అదృష్టముమీద ఆధారపడకుండుటయే మనకు కావలసినది. లాభించినప్పుడు మాత్రమే నిజమును కోరు సంఘము మాటను ఎవ్వరు విందురు?

కావున రాబోవు కోతకు మేము సభ్యులకు చేయు మనవి యిది. కొలతవారు వచ్చినప్పుడు ఊరినుండి ఇద్దరు పెద్దలు దగ్గరనుండి చూచి, నాలుగు తూకములను విడివిడిగ మన సంఘపు పుస్తకమున వ్రాయింపవలెను. సగటు ఒక్కటి వ్రాసి విడువరాదు. సంఘమే తన ఖర్చుతో చీట్లు వేసి మరి పండ్రెండు చతురస్రములు కోయింపవలెను. అప్పుడు కోతలు పదునారగును. చెదరుట పైదానివంటిదే యైనచో, 3.9 కిలోల ఎడము 1.3కు దిగును, "15 మొదలు 32 బస్తాలు" అన్నది "21 మొదలు 26½ బస్తాలు" అగును. ఇందుకు అయ్యెడి వ్యయము కొందరు కూలీల ఒకనాటి కూలి. మన కోతలను ప్రభుత్వము వెంటనే అంగీకరింపకపోవచ్చును. ఐనను మూడు నాలుగేండ్ల పుస్తకము చేతబట్టుకొని, మా గ్రామమున విచలనమింత, నాలుగు కోతలు చాలవు, పెంచుడని అర్జీ పెట్టిన సంఘమునకును, మాకు అన్యాయము జరిగినదని కేకవేసిన గుంపునకును చాల భేదము కలదు.

సగటు తన మడిలో పండలేదని చెప్పిన ఆ వృద్ధునకు ఆనాడు మేము బదులు చెప్పలేకపోతిమి. నేడు చెప్పగలము: తాతా, సగటు ఎవ్వరి మడిలోను పండదు. నీ మడి దానికి ఎంత దూరమున నున్నదో అడుగవలసిన బాధ్యత మాది. అడుగక చెప్పుట మా తప్పు. ఆ తప్పు మన సంఘము మరల చేయకుండుగాక.